ఎత్తు చాలని కప్పు

మా అమ్మాయి ఓర్నేలా రిథమిక్ జిమ్నాస్టిక్స్ మానేసింది మా క్లబ్బు పైకప్పు వల్లేనని మా ఊరు రఫాయేలాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను నడిపే క్యాంటీన్లో కూర్చుని, నా ఎదురుగానే చెప్పుకుంటారు. నేను కాఫీ పోసి ఊరుకుంటాను. కప్పుదేం తప్పు లేదు పాపం. అయినా ఆ వేసవి దాన్ని తిట్టని మనిషి మా ఇంట్లో లేరు, ఒక్క మా మామగారు తప్ప.

క్లబ్బులో కప్పులు రెండు. ఒకటి పెద్ద హాలుది. పెళ్ళి విందులూ, శనివారం డాన్సులూ జరిగేది అందులోనే. చలికాలం వేడి నిలవాలని పాతకాలం వాళ్ళు దానికి కిందుగా చెక్క సీలింగు కొట్టించారు. పొడుగాటి మనిషి బల్ల మీద నిలబడి చీపురు ఎత్తితే బూజు దులపొచ్చు. ఓర్నేలా ఎనిమిదో ఏటి నుంచి సాధన చేసింది దాని కిందే. రెండోది బోచాస్ షెడ్డు. రేకుల కప్పు, తొమ్మిది మీటర్ల ఎత్తు, కింద రెండు మట్టి కోర్టులు. బోచాస్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ముందు ఒక చిన్న గుండు వేస్తారు, తర్వాత పెద్ద గుండ్లు దొర్లిస్తారు, ఎవరిది దానికి దగ్గరగా ఆగితే వాళ్ళు గెలిచినట్టు. దీనికోసం డెబ్భై దాటిన మగాళ్ళు తెల్ల ప్యాంట్లు ఇస్త్రీ చేయించుకుని వస్తారు. నేల మీద దొర్లే ఆటకి తొమ్మిది మీటర్ల కప్పు, గాల్లోకి విసిరే ఆటకి అందులో సగం కూడా లేని కప్పు. మా క్లబ్బు తెలివి అలాంటిది.

బోచాస్ విభాగానికి పెద్ద మా మామగారు, అన్సెల్మో జిరౌదో. పాడి ఆవులు అమ్మేసి, పొలం కౌలుకిచ్చి, అత్తగారు పోయాక మాతో ఉండటానికి వచ్చారు. పొద్దున లేస్తూనే మాతే ఆకు టీ కాచుకుని, దాన్ని పీల్చే గొట్టం నోట్లో పెట్టుకునే క్లబ్బుకి నడిచి వెళ్ళి కోర్టుకి నీళ్ళు చల్లుతారు. నా పెళ్ళయిన కొత్తలో నాతో ఎన్ని మాటలాడారో ఆ మట్టితో రోజూ అంతకన్నా ఎక్కువ మాట్లాడతారు.

ఓర్నేలాకి అప్పుడు ఇరవై రెండు. ఈ ఆటలో ఆ వయసంటే ముసలితనమే. జూనియర్లలో దేశంలోనే మొదటిది. పదిహేనేళ్ళప్పుడు లా పాజ్ వెళ్ళి, దక్షిణ అమెరికా పోటీల్లో బంతి విభాగంలో కంచు పతకం తెచ్చింది. ఆ ఫొటో కాఫీ మిషను పైన వేలాడదీశాను. పెద్దవాళ్ళ విభాగంలోకి వచ్చాక మాత్రం మూడో స్థానంలో ఇరుక్కుపోయింది. జాతీయ జట్టుకి తీసుకునేది ఇద్దరిని. ఇది వరసగా మూడేళ్ళు మూడోది. మూడో స్థానం వాళ్ళకి దేశం పేరు రాసిన జాకెట్టు ఇస్తారు, విమానం మాత్రం ఎక్కించరు.

ఎందుకు మూడోదంటే, ఈ ఆటలో రింగో బంతో గాల్లోకి విసిరి, కింద గిరికీలు కొట్టి, మళ్ళీ అందుకోవాలి. రింగు ఎంత పైకి వెళితే కింద గిరికీలు కొట్టడానికి అంత వ్యవధి దొరుకుతుంది. ఎన్ని గిరికీలైతే అన్ని మార్కులు. మా పిల్ల సీలింగుకి తగలకుండా విసరడం నేర్చుకున్న పిల్ల. పోటీకి వెళ్ళినప్పుడు పెద్ద పెద్ద హాళ్ళలో రింగు పైకి పోయేది, అది కింద పిట్టలా వణికేది. సాధన లేకపోతే ఎలా వస్తుంది మరి? మేమందరం ఇదే అనేవాళ్ళం. ఆ మార్చిలో బ్యూనస్ ఎయిర్స్‌లో ఎంపిక పోటీ ఉంది. ఇదే ఆఖరి అవకాశమని ఎవరూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు. ఆ ఇద్దరిలో మా పిల్ల ఒకతె కావాలి. ఆ వేసవి నాకు మరో ఆలోచన లేదు.

జనవరి మొదట్లో, అంటే మాకు నడివేసవిలో, రింగు తగిలి హాల్లో ట్యూబులైటు పగిలింది. పగలడం కొత్తేం కాదు. ఈసారి మాత్రం కోచ్ సిల్వానా గాజు ముక్కలు ఎత్తించి, నేరుగా క్యాంటీన్లోకి వచ్చి స్టూలు మీద కూలబడింది. ఆమె నాకన్నా చిన్నది, అయినా నన్ను పేరు పెట్టే పిలుస్తుంది.

"మిర్తా, ఇంకా దాచి లాభం లేదు. ఈ హాల్లో ఈ పిల్లకి నేను నేర్పగలిగిందంతా అయిపోయింది," అంది. "విసరడం కావాలి దానికి. రెండు నెలలు ఆ షెడ్డు ఇప్పించు. కోర్టుల మీద చెక్కలు పరిచి, పైన తివాచీ వేసుకుంటాం."

"ముసలాళ్ళు ఇస్తారా?"

"ముసలాళ్ళ సంగతి నాకెందుకు? వాళ్ళ నాయకుడు మీ ఇంట్లోనే తింటాడుగా."

ఆరుబయట బాస్కెట్‌బాల్ కోర్టులో ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించాం. మైదానం మీంచి వచ్చే గాలికి ఇంకో పని లేదు. విసిరిన రింగు ఒకసారి గోడ దాటి పక్కింటి ద్రాక్ష పందిరి మీద పడింది. పక్కింటావిడ దాన్ని మూడురోజులు ఇవ్వలేదు.

ఆదివారం భోజనాల దగ్గర విషయం కదిపాను. మామగారికి ఇష్టమని పిండిలో మాంసం కూరిన రవియోలీ చేశాను. నేను వండినదాన్ని బట్టే ఆయన సంగతి కనిపెట్టి ఉంటారు, ఎందుకంటే నేను నోరు తెరవకముందే నాప్‌కిన్ మెడలోంచి తీసి పక్కన పెట్టారు. సిల్వానా చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఆయన నిదానంగా వివరించారు. మట్టిని రోజూ తడపాలట, దువ్వాలట. చెక్కలు కప్పితే ఊపిరాడక బూజు పట్టి పగులుతుందట. రెండు నెలలు మూస్తే మళ్ళీ కోర్టు కావడానికి ఏడాది పడుతుందట. పైగా వాళ్ళకీ ఏప్రిల్లో రాష్ట్ర పోటీలున్నాయి.

"మీరు వచ్చే ఏడాదైనా ఆడుకోవచ్చు మామయ్యా. దానికి వచ్చే ఏడాది లేదు," అన్నాను.

"నెల్సోకి ఉందా?"

నెల్సో ఆయనకి యాభై ఏళ్ళుగా జోడీ. ఎనభై ఒకటి దాటాడు, ఒక ఊపిరితిత్తి తీసేశారు. మా ఆయన రూబెన్ తండ్రి ప్లేటు వంక ఒకసారి, నా ప్లేటు వంక ఒకసారి చూసి, తను నడిపే పాల ట్యాంకరు టైర్ల గురించి మొదలుపెట్టాడు. ఓర్నేలా తనకని వేరుగా ఉడికించిన కోడి ముక్కని సన్నగా కోసుకుంటూ, ఉప్పు ఇటివ్వమని, తను నోనో అని పిలిచే తాతని అడిగింది. ఆ పూట అది నోరు విప్పింది అంతే.

అసలు ఆ పిల్ల మాట తగ్గి అప్పటికి నెల దాటింది. డిసెంబరులో జాతీయ జట్టు వాళ్ళు బ్యూనస్ ఎయిర్స్‌లో శిబిరం పెట్టి, పైనున్న ఐదారుగురిని పిలిపించుకున్నారు. పదిరోజులుండి వచ్చింది. ఎలా జరిగిందే అంటే బానే జరిగిందమ్మా అంది. రెండు రోజులు పడుకుని లేచి మళ్ళీ సాధనకి వెళ్ళింది. ఎండలు కదా, అలసిపోయి ఉంటుందని అనుకున్నాం.

మామగారు ఒప్పుకోలేదు కనుక సిల్వానా షెడ్డు ఇవ్వాలని అర్జీ రాసి, సంతకాలు పెట్టించి క్లబ్బు అధ్యక్షుడు ఎల్వియోకి ఇచ్చింది. ఆయన ఎటూ తేల్చలేక జనవరి ఆఖరి ఆదివారం సర్వసభ్య సమావేశం పిలిచి చేతులు దులుపుకున్నాడు. షెడ్డు ఎవరిదో ఓట్లే చెబుతాయన్నాడు. ఇంక చూడండి. మా ఊళ్ళో మేయరు ఎన్నికకి కూడా అంత హడావిడి జరగలేదు.

ఓట్ల సంగతి మాకు మొదటి నుంచీ కలిసిరాలేదు. జిమ్నాస్టిక్స్ పిల్లలు హాలు నిండా ఉంటారు, ఒక్కదానికీ పద్దెనిమిది నిండవు. వాళ్ళ అమ్మలు సభ్యులు కారు. నేను పదకొండేళ్ళుగా క్లబ్బులో అందరికీ అన్నం పెడుతున్నాను, కానీ క్యాంటీన్ కాంట్రాక్టు ఉన్నవాళ్ళకి ఓటు లేదు. బోచాస్ ముసలాళ్ళందరికీ ఉంది. మా ఇంట్లో మామగారికీ రూబెన్‌కీ ఉంది, ఓర్నేలాకీ ఉంది. పిల్ల పుట్టిన సాయంత్రమే రూబెన్ ఆసుపత్రి నుంచి క్లబ్బుకి పరిగెత్తి దాన్ని సభ్యురాలిగా చేర్పించి, మర్నాడు గానీ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళలేదు. ఇక్కడ మగాళ్ళందరూ అంతే.

నాకు ఓటు లేకపోయినా కౌంటరు ఉంది. బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళకి వేయించిన మాంసం మిలనేసాలు ప్లేటు అంచులు దాటి వేలాడటం మొదలైంది. స్కేటింగు టీచరుకి కాఫీతోపాటు అడగకుండానే కేకు ముక్క వచ్చేది. బోచాస్ వాళ్ళకి మాత్రం ఐసు అయిపోయింది. రోజూ అయిపోయేది. మిట్టమధ్యాహ్నం ఎండలో వెచ్చటి వెర్ముత్ వైను తాగడం ఎంత కష్టమో వాళ్ళ మొహాల్లో కనిపించేది. నాలుగోరోజు నెల్సో పాత పాలక్యాను నిండా ఐసు వేసుకుని ఇంటి నుంచి మోసుకొచ్చాడు. కౌంటరు మీద దాన్ని పెట్టి, మీకేమైనా కావాలా మిర్తా అని మర్యాదగా అడిగాడు. వద్దన్నాను.

ఇంట్లో రూబెన్ తండ్రితో మాట్లాడటం మానేశాడు. నేను మానమనలేదు, తనే మానేశాడు. వాదన రాకుండా ఉండటానికి అదే తేలిక. మామగారు ఆరింటికి లేస్తే రూబెన్ ఐదింటికే ట్యాంకరు తీసుకుని పల్లెల మీద పడేవాడు. వీధిలో, బేకరీలో, ఫార్మసీలో జనం ఓర్నేలాని ఆపి, నీకు కప్పు వస్తోందటగా, ఇంక చూసుకో అని భుజం తట్టేవాళ్ళు. అది నవ్వేది. పోటీల్లో జడ్జీల ముందు నవ్వే నవ్వు అది. సిల్వానా చిన్నప్పుడే నేర్పింది.

సమావేశం రోజు పొద్దున్నే వేడి మొదలైంది. హాల్లో పంకాలు తిరుగుతున్నా ఎవరి దగ్గరికీ గాలి రాలేదు. నేను కౌంటరు వెనక గ్లాసులు తుడుస్తూ నిలబడ్డాను. అక్కడి నుంచి హాలంతా కనిపిస్తుంది. బోచాస్ వాళ్ళు ముందు వరసల్లో, చర్చికొచ్చినట్టు తలలు దువ్వుకుని కూర్చున్నారు. బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళు గోడలకి ఆనుకున్నారు. ఓర్నేలా బయట కోర్టులో సాధన మధ్యలో ఆపి వచ్చినట్టుంది, జుట్టు ముడి వేసుకుని, చేతిలో నీళ్ళ సీసాతో తలుపు దగ్గర నిలబడింది.

సిల్వానా ముందు మాట్లాడింది. ఈ క్లబ్బు పేరు దేశం బయట వినిపించింది ఒక్క ఓర్నేలా వల్లేనని, ఆ పిల్లకి మనం తిరిగి ఏమిచ్చామో చెప్పమని అడిగింది. బావుంది. వెనక నుంచి చప్పట్లు వచ్చాయి. తర్వాత మామగారు లేచారు. ఆ షెడ్డు రేకులు తామే ట్రాక్టరు మీద తెచ్చి ఎత్తామని, అప్పుడు నిచ్చెన మీంచి పడిన మనిషి పేరు గేటు మీద ఉందని, వయసైపోయిన వాళ్ళకి ఊళ్ళో మిగిలిన నీడ అదొక్కటేనని అన్నారు. నా మనవరాలని కాదు, ఎవరడిగినా ఇదే చెబుతానన్నారు. చివరి మాట దగ్గర ఆయన గొంతు తడబడింది. నాకు చిరాకేసింది, ఎందుకంటే ఆ తడబాటుకి రెండు ఓట్లయినా పోతాయని తెలుసు.

ఎల్వియో షెడ్డు జిమ్నాస్టిక్స్‌కి ఇవ్వాలనే వాళ్ళని చేతులెత్తమన్నాడు. గోడల పొడుగునా చేతులు లేచాయి. రూబెన్ తన చెయ్యి భుజం దాకా ఎత్తి ఆపాడు. నేను చూస్తున్నానని గమనించి ఇంకాస్త ఎత్తాడు. ఓర్నేలా ఎత్తలేదు. తన కోసం తనే ఓటేసుకోవడం బావుండదని ఆగిందేమో అనుకున్నాను. అది లేకపోయినా సరిపోతాయి, ఓట్లు సమానంగా వస్తే ఎల్వియో మావైపే తేలుస్తానని నాకు మాటిచ్చాడు.

వద్దనేవాళ్ళని ఎత్తమన్నాడు. ముందు వరసలన్నీ లేచాయి. నెల్సో చెయ్యీ లేచింది. తలుపు దగ్గర ఓర్నేలా నీళ్ళ సీసాని ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి ఎత్తింది. మోచెయ్యి వంగకుండా, వేళ్ళు కలిపి, పోటీ మొదలెట్టే ముందు జడ్జీలకి ఎత్తి చూపించేలా.

ఎల్వియో లెక్కపెడుతూ దాని దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తీర్మానం ఒక్క ఓటుతో వీగిపోయిందని చెప్పాడు. నేను ఆ గ్లాసు తుడవడం ముగించి ఇంకోటి అందుకున్నాను.

గెలిచినవాళ్ళు చప్పట్లు కొట్టలేదు. సిల్వానా సంచి భుజానికి తగిలించుకుని ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయింది. మామగారు కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ తలుపు దాకా వచ్చారు.

"నాకోసం ఓటెయ్యమని నిన్నెవరడిగారు?" అన్నారు.

"ఎవరూ అడగలేదు నోనో."

"ఓడిపోవడం మాకు చేతకాదనుకున్నావా? నీ వయసు కన్నా ఎక్కువసార్లు ఓడిపోయాను నేను."

ఆయన టోపీ కుర్చీలోనే మర్చిపోయి ఎండలో ఇంటికి నడిచారు.

మధ్యాహ్నానికి క్లబ్బు ఖాళీ అయింది. ఆ వేడిలో అందరూ ఇళ్ళలో కునుకు తీసే వేళ. నేను వంటగదిలో సాయంత్రానికి మిలనేసాలు సిద్ధం చేస్తున్నాను. మాంసం గుడ్డులో ముంచి రొట్టె పొడిలో అద్దడం, అంతే పని. ఓర్నేలా వచ్చి చేతులు కడుక్కుని నా పక్కన నిలబడి అద్దడం మొదలుపెట్టింది.

"చెప్పు," అన్నాను.

"ఏం చెప్పమంటావు?"

"ఆ చెయ్యి ఎందుకెత్తావో చెప్పు."

రెండు ముక్కలు అద్ది పళ్ళెంలో పెట్టాక చెప్పింది.

"డిసెంబరులో అక్కడ కప్పు పన్నెండు మీటర్లమ్మా. పొద్దునా సాయంత్రం విసిరాను. పదిరోజులూ అదే పని."

"అయితే?"

"పట్టుకోలేకపోయాను."

"పదిరోజులకే వచ్చేస్తుందా ఏంటి? అలవాటు పడొద్దూ?"

"కోర్దోబా నుంచొచ్చిన పిల్లకి మూడోరోజుకి వచ్చేసింది. దానికి పదహారేళ్ళు. మెందోసా పిల్లకి వారంలో వచ్చింది. నాకు ఆఖరి రోజు కూడా ఒకటి పట్టుకుంటే మూడు పోయాయి." చేతులకి అంటిన పొడి దులుపుకుంది. "కప్పు కాదమ్మా. నేనే."

"మరి వచ్చిన రోజే చెప్పొచ్చుగా?"

"రోజూ చెబుదామనే అనుకున్నాను. ఈలోగా నువ్వు ఐసు ఆపేశావు. నాన్న నోనోతో మాట్లాడ్డం మానేశాడు. సిల్వానా షెడ్డులో కొలతలు తీసుకుంది. ఇంకెక్కడ చెప్పను? వాళ్ళ కోర్టులు పాడుచేసి, మార్చిలో వెళ్ళి మళ్ళీ కింద పడేస్తే అప్పుడు దేన్ని తిట్టుకునేవాళ్ళం?"

నాకు ముందు కోపం వచ్చింది. దాని వెనకే సిగ్గు వచ్చింది. బాధ అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, వచ్చాక మాత్రం పోలేదు. ఇన్నేళ్ళూ పిల్ల ఓడిపోయిన ప్రతిసారీ తిట్టుకోవడానికి నాకొక కప్పు ఉండేది. నా పిల్లకి ఈ ఆట రాగలిగినంత వరకే వచ్చిందని, దానికి ఎవరి తప్పూ లేదని ఒప్పుకోవడం నాకు చాలా కష్టమైంది. రొట్టె పొడి అయిపోయిందని వంక పెట్టి సామాన్ల గదిలోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను.

తిరిగి వచ్చి, మార్చికి వెళ్తావా మానేస్తావా అని అడిగాను.

"వెళ్తాను. పేరిచ్చి వెళ్ళకపోతే ఎలా? ఆఖరిసారి ఆడొస్తాను," అంది. "నాన్నకి నువ్వు చెప్పు. నోనోకి నేను చెప్పుకుంటాను."

ఎప్పుడు చెప్పిందో తెలియదు. కోర్టుకి నీళ్ళు చల్లుతున్నప్పుడు వెళ్ళి చెప్పి ఉంటుంది, ఎందుకంటే వారం తర్వాత ఒకరోజు ఆయన బూట్లకి బురదతోనే వంటింట్లోకి వచ్చారు. అలా ఎప్పుడూ రారు. కుర్చీలో కూర్చుని చాలాసేపు మాతే గొట్టం పీల్చారు, గిన్నెలో నీళ్ళు ఎప్పుడో అయిపోయినా.

"పిల్ల చెప్పింది," అన్నారు. "మా వాళ్ళకి నేను చెప్పలేదు. ఊళ్ళో చెప్పాల్సిన పని కూడా లేదు. అందరం కలిసి బ్యూనస్ ఎయిర్స్ వస్తున్నాం."

"మీరందరూ అక్కడికొచ్చి ఏం చేస్తారు మామయ్యా?"

"దాని ఆట పద్నాలుగేళ్ళుగా పక్క హాల్లోనే జరిగింది. మాలో ఒక్కడూ ఒక్కసారి వచ్చి చూడలేదు."

మర్నాటి నుంచి ఐసు దొరికింది. నెల్సో పాలక్యాను ఇంటికి తీసుకెళ్ళాడు. ముసలాళ్ళు ఒక్కొక్కరే కౌంటరు దగ్గరికొచ్చి, అక్కడ ఎలా ఉండాలి, ఎప్పుడు చప్పట్లు కొట్టాలి, అరవొచ్చా అని నన్ను అడగసాగారు. మిగతావాళ్ళు కొట్టినప్పుడు కొట్టండి అని చెప్పాను. సిల్వానా రెండు వారాలు మా అందరితో ముభావంగా ఉంది. తర్వాత తనే ఓర్నేలాని కూర్చోబెట్టి, రింగు ఆటలో ఎత్తు విసుర్లు రెండూ తీసేసి, వాటి బదులు తక్కువ ఎత్తులో పాదంతో విసిరేవి పెట్టింది. దానితో ఎంపిక కాదని ఇద్దరికీ తెలుసు. శుభ్రంగా మాత్రం ఉంటుంది.

ఎల్వియో మేనల్లుడి మినీబస్సులో మేమంతా వెళ్ళాం. రూబెన్ నడిపాడు. మామగారు కొడుకు పక్క సీట్లో కూర్చున్నారు. పక్కూరు సుంచాలెస్ నుంచి వచ్చే లారీలవాళ్ళు ఎలా అడ్డదిడ్డంగా నడుపుతారో దారి పొడుగునా ఇద్దరూ కలిసి తిట్టుకున్నారు. నాకు అదే చాలనిపించింది.

హాలు పెద్దది. కప్పు ఎక్కడో ఉంది. బోచాస్ వాళ్ళు తెల్ల ప్యాంట్లలో వరసగా కూర్చున్నారు. నెల్సో ఫుట్‌బాల్‌కి వాయించే పెద్ద డోలు తెచ్చాడు. మైకులో ఒకామె డోలు వాయించొద్దని మర్యాదగా చెబితే దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆడారు. ముసలాళ్ళకి ఏం జరుగుతోందో బోధపడలేదు. మిగతావాళ్ళు చప్పట్లు కొడితే వీళ్ళూ కొట్టారు. కోర్దోబా పిల్ల రింగుని దీపాల దాకా విసిరి, కింద మూడు గిరికీలు కొట్టి, వెనక్కి చూడకుండా కాలితో అందుకుంది. చూశాను. చాలా బాగా చేసింది. ఆ మాట అనుకోవడానికి నాకు కష్టమనిపించలేదు.

ఓర్నేలా బంతితో బాగా చేసింది. రిబ్బను ఒకసారి చిక్కుపడింది. చీటీల ప్రకారం ఆ రోజు దానికి రింగు ఆఖరున వచ్చింది. అప్పటికే మార్కుల లెక్కలో ఐదో స్థానంలో ఉంది. ఇంక అయ్యేదేం లేదు.

సిల్వానా పెట్టినట్టే శుభ్రంగా మొదలుపెట్టింది. పాదంతో విసిరింది, అందుకుంది, నేల మీద దొర్లింది. సంగీతం ముగింపుకి వచ్చింది. వెనకటి ఆటలో ఎత్తు విసురు ఉండే చోటు అది. అక్కడ పాదం ఎత్తడం మాని రెండు అడుగులు వెనక్కి వేసి, చెయ్యంతా చాపి రింగుని పైకి విసిరింది. సిల్వానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రింగు దీపాల దాకా వెళ్ళి అక్కడ ఆగినట్టే ఆగింది. కింద ఓర్నేలా రెండు గిరికీలు కొట్టి లేచి చేతులు చాపింది. రింగు దాని మణికట్టుకి తగిలి, వెనక్కి ఎగిరి, అంచు మీద నిలబడి దొర్లుకుంటూ తివాచీ మూలకి బయల్దేరింది.

ఆ హాల్లో పోటీ చూసేవాళ్ళకి అది పెద్ద తప్పు. పైగా తివాచీ గీత దాటితే ఇంకొన్ని మార్కులు పోతాయి. నా పక్క వరస మాత్రం కదిలింది. పొద్దుటి నుంచి ఏమీ అర్థం కాక కూర్చున్న మనుషులకి మొదటిసారి అర్థమయ్యేది ఒకటి కనిపించింది. ఒకటి దొర్లుతోంది, వేగం తగ్గుతోంది, గీత దగ్గరపడుతోంది. మామగారు సగం లేచి, గుండు వేశాక కోర్టులో వంగినట్టే, ఒళ్ళంతా కుడివైపుకి వంచారు. ఆయనతో పాటు వరసంతా కుడివైపుకి వంగింది. రింగు ఊగింది, వాలింది, గీతకి వేలెడు లోపల చప్పుడు లేకుండా పడుకుంది.

ముసలాళ్ళందరూ ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు. నెల్సో డోలు మీద రెండు దెబ్బలు వేశాడు. జడ్జీలు తలలు తిప్పి చూశారు.

ఓర్నేలా రింగు కోసం పరిగెడుతూ ఆ చప్పుడు విని, మా వరస వైపు చూసి నవ్వింది. సిల్వానా నేర్పిన నవ్వు కాదు. నోరంతా తెరిచి, భుజాలు కదిలేలా నవ్వింది. అది ఎనిమిదేళ్ళప్పుడు అలా నవ్వడం నాకు గుర్తుంది, తర్వాత గుర్తు లేదు. ఆ నవ్వుతోనే రింగు తీసుకుని, సంగీతం అయిపోయాక కూడా మిగిలిన భాగం చేసి, చెయ్యెత్తి ఆట ముగించింది. నా కళ్ళు నిండిపోయాయి. ఆ పిల్ల నాకు తిరిగొచ్చినట్టయింది.

"దీనికి ఎన్ని మార్కులిస్తారు?" అని మామగారు నా చెవిలో అడిగారు.

"ఇవ్వరు మామయ్యా. తీసేస్తారు."

ఆయన జడ్జీల బల్ల వైపు చూశారు.

"వాళ్ళకి ఆట తెలీదు," అని కూర్చున్నారు.

ఆ వేసవిలో నేనాయనతో వాదించనిది ఆ ఒక్కసారే.